గ్రాస్‌మియర్ నుంచి గ్రాస్‌మియర్‌కి: రెండు సరస్సుల చుట్టూ నడక ఎలా చేయాలి

వేసవి వచ్చిందంటే ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళు అడిగేది ఇదే. "అమ్మానాన్న వచ్చారు. లేక్ డిస్ట్రిక్ట్ చూపించాలి. పెద్ద కొండలు ఎక్కలేరు, అలాగని కారులోంచి చూపించి తీసుకొచ్చేస్తే బాగోదు. బస్సు దిగి నడిచి, మళ్ళీ అదే బస్టాపుకి చేరే దారి ఏదైనా ఉందా?"

ఉంది. గ్రాస్‌మియర్ ఊళ్ళో మొదలుపెట్టి, పాత దారిన రైడల్ దాకా వెళ్ళి, రైడల్ వాటర్, గ్రాస్‌మియర్ సరస్సుల అవతలి ఒడ్డు మీదుగా తిరిగొచ్చే దారి. మొత్తం సుమారు 6 మైళ్ళు, అంటే పది కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎక్కుడు అంతా కలిపినా 200 మీటర్ల పైచిలుకే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఈ నడక గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టే. నీళ్ళు ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండాలి. చెట్ల చాటున కాసేపు కనిపించకపోవచ్చు, కానీ సరస్సు ఎడమచేతికి వచ్చిందంటే దారి తప్పినట్టే. మ్యాపు చదవడం రాకపోయినా ఈ ఒక్క గుర్తు మిమ్మల్ని సగం దూరం కాపాడుతుంది.

ఇక "ఎవరి పొలంలోంచో నడిస్తే ఊరుకుంటారా?" అన్న సందేహం. ఇంగ్లండులో 'పబ్లిక్ ఫుట్‌పాత్' అని బోర్డున్న దారిలో నడవడం మీ హక్కు, ఆ నేల ఎవరిదైనా సరే. పసుపు బాణం కాలినడక దారికి గుర్తు. నీలం బాణం ఉంటే అది బ్రిడిల్‌వే, గుర్రాలూ సైకిళ్ళూ కూడా వస్తాయి. హక్కు ఆ దారి వరకే. పచ్చిక బాగుందని పక్క పొలంలో దుప్పటి పరవడం కుదరదు.

కావలసినవి

బూట్లు: చీలమండ దాకా వచ్చే వాకింగ్ బూట్లు ఉంటే మంచిది. అడుగున గట్టి పట్టున్న ట్రైనర్లు కూడా ఎండాకాలంలో సరిపోతాయి. అడుగు నున్నగా అరిగిన స్పోర్ట్స్ షూ మాత్రం వద్దు. ఇక్కడి పలకరాయి తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. చెప్పులతో వస్తామనే పెద్దవాళ్ళను ఇంటి దగ్గరే ఒప్పించండి, అక్కడికి వచ్చాక వాదించి లాభం లేదు.

బట్టలు: జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, సాయంత్రం దాకా ఆరదు, ఒళ్ళు చల్లబడిపోతుంది. పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు నయం. అమ్మ చీరలోనే నడుస్తానంటే కుచ్చిళ్ళు చీలమండ పైకి ఉండేలా కట్టుకోమనండి, కింద లెగ్గింగ్స్ వేయించండి. పైన అందరికీ టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ కావాలి, జూలైలోనైనా సరే. గొడుగు వద్దు. గాలికి తిరగబడుతుంది, పైగా రాళ్ళ మీద నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

మ్యాపు: ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ ఓఎల్7. కాగితం మీద 4 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఆకుపచ్చ గీతలు నడిచే హక్కున్న దారులు. నల్ల చుక్కగీతలు నేల మీద దారి కనిపిస్తుందని చెబుతాయి తప్ప హక్కు ఉందని కాదు. ఫోన్లో యాప్ వాడేవాళ్ళు మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

తిండి, నీళ్ళు: మనిషికి లీటరు నీళ్ళు. పులిహోర, చపాతీ రోల్స్, ఏదైనా సరే, చేత్తో పట్టుకుని నిలబడి తినగలిగేది మేలు. కూర్చునే చోటంతా తడిగా ఉన్న రోజులు చాలా వస్తాయి. డబ్బాతో పాటు ఖాళీ కవరు ఒకటి పెట్టుకోండి, చెత్త మీతోనే వెనక్కి రావాలి. అరటి తొక్కా అంతే.

ఇవి కాక విజిల్, చిన్న టార్చి, ఫోన్ పవర్ బ్యాంకు. కర్రలు ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు దిగేటప్పుడు చాలా సాయం.

ఎలా చేరుకోవాలి

రైల్లో వచ్చేవాళ్ళు ఆక్సెన్‌హోమ్‌లో మారి విండర్‌మియర్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి 555 నంబరు బస్సు ఆంబుల్‌సైడ్, రైడల్ మీదుగా గ్రాస్‌మియర్ వస్తుంది. ఈ బస్సు రైడల్‌లో ఆగుతుందన్న సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది. కారులో వస్తే ఊళ్ళో డబ్బు కట్టే పార్కింగులున్నాయి. ఎండ కాసే శనాదివారాల్లో పది దాటితే చోటు దొరకడం కష్టం.

నడక, మెట్టు మెట్టుగా

1. ముందురోజు రాత్రి. మెట్ ఆఫీసు వాళ్ళ లేక్ డిస్ట్రిక్ట్ కొండల వాతావరణం చూడండి, మీ ఊరిది కాదు. గాలి, వాన ఏ గంటకు అన్నది ముఖ్యం. చీకటి పడే వేళా చూసుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది, డిసెంబరులో నాలుగు కొట్టకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. ఆఖరి బస్సు టైము ఫోటో తీసి పెట్టుకోండి.

టైము లెక్క ఇలా. స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడతారు: గంటకు 3 మైళ్ళు, ప్రతి 2000 అడుగుల ఎక్కుడుకీ మరో గంట. ఆ లెక్కన ఇది రెండున్నర గంటల లోపు నడక. కానీ అది ఆగకుండా నడిచే కుర్రాళ్ళ లెక్క. ఫోటోలు, టిఫిను, పిల్లలు, పెద్దలు కలిస్తే నాలుగు గంటలు వేసుకోండి, ఐదైనా ఆశ్చర్యపోకండి.

2. చర్చి దగ్గర మొదలుపెట్టండి. సెయింట్ ఆస్వాల్డ్స్ చర్చి ఊరి మధ్యలోనే ఉంటుంది. ఆవరణలో కవి విలియం వర్డ్స్‌వర్త్ సమాధి ఉంది. పెద్ద కట్టడమేమీ కాదు, మామూలు పలకరాయి, చుట్టూ ఆయన కుటుంబం వాళ్ళవి మరికొన్ని. పక్కనే చిన్న జింజర్‌బ్రెడ్ దుకాణం. ఆ భవనం ఒకప్పుడు ఊరి బడి, 1854లో సారా నెల్సన్ అనే ఆవిడ అందులో అమ్మకం మొదలుపెట్టింది. కొనేదుంటే ఇప్పుడే కొనండి, తిరిగొచ్చేసరికి మూసేసి ఉండొచ్చు. ఊళ్ళో టాయిలెట్లు వాడుకుని బయల్దేరండి.

3. డవ్ కాటేజ్ దాటి పైకి. చర్చి దగ్గర్నుంచి స్టాక్ లేన్ వెంట వెళ్తే ఎ591 రోడ్డు వస్తుంది. కార్లు వేగంగా వస్తాయి, చూసుకుని దాటండి. అవతల వర్డ్స్‌వర్త్ 1799 నుంచి 1808 దాకా ఉన్న డవ్ కాటేజ్. దాని పక్కనుంచి పైకెళ్ళే చిన్న తారురోడ్డు మీ దారి.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. కాస్త పైకెళ్ళాక ఎడమవైపు ఏటవాలుగా ఆల్కాక్ టార్న్ అనే చిన్న కొండ సరస్సుకి దారి చీలుతుంది. అది వద్దు, కొండెక్కిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్ళాక కుడివైపు రోడ్డు దిగువన వైట్ మాస్ వైపు పోతుంది. అదీ వద్దు. రైడల్ అని, కాఫిన్ రూట్ అని రాసిన దారి పట్టండి.

సరిగ్గా వచ్చారా? కాసేపటికి తారు అయిపోయి మట్టి, రాళ్ళ దారి రావాలి. పక్కన సున్నం, సిమెంటు లేకుండా ఒట్టి రాళ్ళు పేర్చి కట్టిన గోడ ఉండాలి. కాళ్ళ కింద ఇంకా తారే ఉండి, రోడ్డు కిందికి దిగిపోతుంటే వెనక్కి రండి.

4. కాఫిన్ రూట్. రైడల్, ఆంబుల్‌సైడ్ ఊళ్ళలో శవాలను పూడ్చే చోటు లేని కాలంలో, శవపేటికల్ని ఈ దారినే గ్రాస్‌మియర్ చర్చికి మోసుకొచ్చేవాళ్ళు. మోసేవాళ్ళు అలిసినప్పుడు పేటికను దించుకోవడానికి వాడిన రాతి దిమ్మ దారి పక్కన ఇప్పటికీ ఉంది. శకునాలు పట్టించుకునే పెద్దవాళ్ళుంటే ఈ కథ రైడల్ చేరాక చెప్పండి.

దారి నాబ్ స్కార్ అనే కొండ పొట్ట మీదుగా, ఓక్ చెట్ల మధ్యనుంచి, ఎక్కుతూ దిగుతూ పోతుంది. కుడివైపు కింద రైడల్ వాటర్ చెట్ల సందుల్లోంచి మెరుస్తుంటుంది. రాళ్ళ మీద నాచు పట్టిన చోట్ల అడుగు చూసి వేయండి. మధ్యమధ్య గేట్లొస్తాయి. ఎలా ఉన్న గేటును అలాగే వదలాలి: మూసి ఉంటే మూయండి, తీసి కట్టేసి ఉంటే అలాగే ఉంచండి. మనం మంచికే అనుకుని మూసిన గేటు గొర్రెలను నీళ్ళకు పోనివ్వకుండా చేయొచ్చు.

ఆ గొర్రెలు హెర్డ్‌విక్ అనే ఇక్కడి జాతి. పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉంటాయి, పెరిగేకొద్దీ ఒళ్ళు బూడిదరంగుకు తిరుగుతుంది, మొహం మాత్రం తెల్లబడుతుంది. తల్లీపిల్లా వేరు వేరు జాతులనుకుని పిల్లలు వాదించుకుంటారు. దగ్గరికి పోకండి, బిస్కెట్లు పెట్టకండి. ఆవులు ఎదురైతే ఆవుకీ దూడకీ మధ్యలోంచి ఎప్పుడూ వెళ్ళకండి, దూరంగా చుట్టి వెళ్ళండి.

5. రైడల్‌లో దిగడం. దారి చివర గేటు దాటగానే నిటారుగా దిగే తారురోడ్డు. కుడికి తిరిగి దిగండి. పక్కనే రైడల్ మౌంట్, వర్డ్స్‌వర్త్ 1813 నుంచి 1850లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు. ఎదురుగా రైడల్ హాల్, అక్కడ టీ షాపు ఉంది. టీతో పాటు టాయిలెట్ పని కూడా ఇక్కడే చూసుకోండి. తర్వాత ఊరు చేరేదాకా ఆ సౌకర్యం లేదు.

కింద చర్చి వెనక డోరాస్ ఫీల్డ్. 1847లో చనిపోయిన కూతురు డోరా జ్ఞాపకంగా ఆ కుటుంబం డాఫడిల్ దుంపలు నాటిన చోటు. మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో వస్తే పూలు చూడొచ్చు. స్కూల్లో వర్డ్స్‌వర్త్ పద్యంలో చదివిన డాఫడిల్స్ ఇవేనా అని అందరూ అడుగుతారు. కావు. ఆయన 1802లో చూసినవి ఉల్స్‌వాటర్ ఒడ్డున, ఇక్కడికి దూరం.

పెద్దవాళ్ళు బాగా అలిసిపోతే నడక ఇక్కడే ఆపేయండి. చర్చి దగ్గర 555 ఎక్కితే గ్రాస్‌మియర్ చేరిపోతారు. ఇంతకన్నా ముందుకెళ్ళాక మధ్యలో బస్సు దొరికే దారి సులువు కాదు, కాబట్టి ఉండాలా, వెళ్ళాలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. మొహమాటపడి "పర్లేదు నడుస్తాం" అనే పెద్దవాళ్ళను నమ్మకండి, వాళ్ళు మెట్లు దిగే తీరు చూడండి.

6. వంతెన. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఎ591 మీదకు వచ్చాక కుడికి తిరిగి, కాలిబాట మీద కొద్ది దూరం నడిస్తే బ్యాడ్జర్ బార్ అనే పబ్బు వస్తుంది. దాని ఎదుట రోడ్డు దాటి కిందికి దిగే దారి చూడండి. రోథే నది మీద కాలినడక వంతెన ఉంటుంది. అది దాటి కుడికి.

గూగుల్ మ్యాప్స్‌లో "గ్రాస్‌మియర్‌కి నడక" అని కొడితే తిన్నగా ఎ591 వెంటే పంపించే అవకాశం ఎక్కువ. అలా రోడ్డంట పోతే దూరం తగ్గుతుంది, కానీ ఒంటిని రాసుకుంటూ పోయే కార్ల పక్కన నడవాలి, పైగా ఈ నడకలో అసలైన భాగం చూడకుండానే పోతుంది. వంతెన దాటలేదంటే సరైన దారిలో లేరు.

సరిగ్గా వచ్చారా? వంతెన దాటి కుడికి తిరిగాక, కొద్దిసేపట్లోనే రైడల్ వాటర్ కుడిచేతి వైపు కనిపించాలి.

7. సరస్సు ఒడ్డు, గుహ. అడవి దాటాక దారి రెండవుతుంది. కిందిది ఒడ్డు వెంటే పోతుంది, చదునుగా ఉంటుంది. పైది రైడల్ గుహకు. తర్వాత రెండూ లాఫ్‌రిగ్ కొండ పక్కన కలుస్తాయి, కాబట్టి ఓపికను బట్టి ఎంచుకోండి. సగంమంది పైకి, సగంమంది కింద అని విడిపోతే మాత్రం కలుసుకునే చోటు ముందే అనుకోండి, ఫోన్ చేద్దాంలే అనుకోవద్దు.

గుహ ప్రకృతి చేసింది కాదు, పాత పలకరాయి క్వారీ. నోటి దగ్గర నీళ్ళు నిలిచి ఉంటాయి, వాటిలో అడుగులు వేయడానికి రాళ్ళు. క్వారీ కప్పు నుంచి రాళ్ళు ఊడిపడే ప్రమాదం ఉంటుంది. కంచె గానీ నోటీసు గానీ కనిపిస్తే దాటి లోపలికి వెళ్ళకండి. వేరేవాళ్ళు లోపల సెల్ఫీలు తీసుకుంటున్నారని మీరూ వెళ్ళొద్దు. బయటి నుంచి చూసినా ఆ రాతి నోరు ఎంత పెద్దదో తెలుస్తుంది.

8. లాఫ్‌రిగ్ టెర్రస్. ఒక మోస్తరు ఎక్కుడు తర్వాత రైడల్ వాటర్ వెనకబడి, గ్రాస్‌మియర్ సరస్సు, దాని అవతల ఊరు, ఊరి వెనక కొండలు ఒక్కసారిగా ఎదుట పరుచుకుంటాయి. కొండ నడుముకు కట్టిన బెల్టులా చదునుగా పోయే వెడల్పాటి దారి ఇది. నన్నడిగితే టిఫిను డబ్బా తెరవాల్సింది ఇక్కడ, గుహ దగ్గర కాదు.

టెర్రస్ నుంచి రాతి మెట్ల దారి ఒకటి ఎడమవైపు పైకి, 335 మీటర్ల లాఫ్‌రిగ్ శిఖరానికి పోతుంది. కుర్రాళ్ళు ఎక్కి రావచ్చు. పొగమంచు కమ్మిన రోజు వద్దు, పైన దారులు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

9. ఒడ్డు వెంట ఊళ్ళోకి. టెర్రస్ చివర గేటు, ఆ తర్వాత అడవి. కుడివైపు నీళ్ళ దాకా దిగే దారి పట్టి, ఒడ్డు వెంట నడవండి. సరస్సు కుడిచేతికే ఉందిగా? సరే. చివరికి దారి పైకెక్కి రెడ్ బ్యాంక్ రోడ్డులో కలుస్తుంది. కుడికి తిరిగితే ఊరు.

అడవిలో చీలిక దాటిపోయి తిన్నగా తారురోడ్డు మీదకు వచ్చేస్తే కంగారు పడకండి. అదీ రెడ్ బ్యాంక్ రోడ్డే, కుడికి దిగితే అదే ఊరు. కాకపోతే అక్కడ రోడ్డు నిటారు, ఇరుకు. పిల్లల చేతులు పట్టుకోండి, ఎదురొచ్చే కార్లు కనిపించేలా కుడి అంచున ఒకరి వెనక ఒకరు నడవండి. మలుపుల్లో మాత్రం ఎటు నిలబడితే డ్రైవరుకు ముందుగా కనిపిస్తారో అటు.

పిల్లల బండి, చక్రాల కుర్చీ ఉంటే

ఈ రౌండు కుదరదు, ప్రయత్నించి సగంలో ఇరుక్కోకండి. వైట్ మాస్ పార్కింగు నుంచి నది పక్కన చదునైన దారి ఉంది, చెట్లు, నీళ్ళు అన్నీ అక్కడా దొరుకుతాయి. మిగతావాళ్ళు రౌండు తిరిగొచ్చేలోపు వాళ్ళు అక్కడ హాయిగా గడపొచ్చు.

ఏదైనా జరిగితే

కాలు మడతపడి నడవలేకపోతే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. ఎక్కడున్నారో చెప్పగలగాలి, అందుకే ప్రతి చీలిక దగ్గరా మ్యాపు మీద వేలు పెట్టి చూసుకునే అలవాటు చేసుకోండి. మాట వినపడని సిగ్నల్ ఉన్నచోట మెసేజ్ వెళ్ళొచ్చు, కానీ దానికి ముందే నమోదు కావాలి: ఇంటి దగ్గరే 'రిజిస్టర్' అన్న ఇంగ్లీషు మాటను 999కి మెసేజ్ చేస్తే ఎలాగో జవాబు వస్తుంది. ఫోన్ అసలు పని చేయకపోతే విజిల్ ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. ఎవరో ఒకరు వచ్చేదాకా అంతే.

తిరిగొచ్చాక

యాప్‌లో దారి రికార్డు చేసి ఉంటే ఒకసారి చూడండి. ఐదున్నర నుంచి ఆరున్నర మైళ్ళ మధ్య ఉంటే రౌండు సరిగ్గా తిరిగినట్టే. నాలుగున్నరే చూపిస్తే ఎక్కడో రోడ్డంట వచ్చేశారు.

వేసవిలో ఫెర్న్ పొదలు ఒరుసుకుంటూ నడిచి ఉంటే రాత్రి స్నానం చేసేటప్పుడు పిడుదులు పట్టాయేమో చూసుకోండి: మోకాలి వెనక, నడుము దగ్గర, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదట్లో. గసగసంత చిన్నవి కూడా ఉంటాయి. కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి వద్దు. తర్వాత వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పెద్దదవుతూ వచ్చినా, జ్వరం వచ్చినా జీపీకి, అంటే మీ ఊరి డాక్టరుకి, పిడుదు సంగతి చెప్పండి, లైమ్ జబ్బు కావచ్చు.

ఇంకొకటి. పొద్దున మెసేజ్ పెట్టిన మనిషికి "వచ్చేశాం" అని బస్సెక్కకముందే చెప్పండి. మీరు ఇంటికెళ్ళి నిద్రపోతే, వాళ్ళు కంగారుపడి ఫోన్ చేస్తే, జీతం తీసుకోకుండా పనిచేసే రెస్క్యూ వాలంటీర్లు రాత్రిపూట కొండల్లో మీ కోసం వెతకాల్సి వస్తుంది.